కూర్చోబెట్టిన పెద్ద ఫిడేలు

మా ప్రాంతంలో డబుల్ బేస్‌ని డబుల్ బేస్ అని పిలిచినవాళ్ళు ఇద్దరే. ఒకరు దాన్ని ఓడలో వేసుకుని తెచ్చిన మిషన్ దొరగారు, రెండోవాణ్ణి నేను. మిగతా లోకమంతా దాన్ని పెద్ద ఫిడేలు అంది. బస్సు కండక్టర్లు మాత్రం శాల్తీ అన్నారు. "ఒక మనిసి, ఒక శాల్తీ" అంటూ వాళ్ళు టిక్కెట్టు చింపుతుంటే, మా ఇద్దరిలో శాల్తీ ఎవరో నాకెప్పుడూ అనుమానంగానే ఉండేది. నేను అయిదడుగుల మూడంగుళాలు, అది ఆరడుగుల పైమాట.

అరవైల చివరి సంవత్సరాల్లో, విజయనగరం ఇంకా జిల్లా కాకముందు, నేను దాన్ని బస్సుల టాపు మీద వేసుకుని పెళ్ళిపందిళ్ళ వెంట తిరిగాను. కొబ్బరికాయల బస్తాల మధ్య దాన్ని పడుకోబెట్టి పక్కనే కూర్చునేవాణ్ణి. లోపల సీటు ఖాళీగా ఉన్నా దిగేవాణ్ణి కాదు. రోడ్డు మీదికి వంగిన చింతకొమ్మలు ఎదురైతే దాని మీదికి బోర్లా వంగిపోయేవాణ్ణి. ఆ గీతలు ఇప్పటికీ నా వీపు మీద ఒకటి రెండున్నాయి, దాని మీద ఒక్కటీ లేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

దొరగారు పని విరమించి తన దేశం వెళ్ళిపోతూ దాన్ని చర్చికి వదిలేశారు. అంతకుముందు మూడేళ్ళపాటు, ఆదివారం ఆరాధన అయ్యాక, నా ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని తీగల మీద పెట్టి నేర్పారు. ఆయన తెలుగు వింటే అప్పుడు నవ్వొచ్చేది. ఆయన ఓపిక తలుచుకుంటే ఇప్పుడు కళ్ళు తడుస్తాయి. ఆయన వెళ్ళాక మా పాస్టరు అయ్యగారు ఒకే ఒక్క షరతు మీద దాన్ని నాకు అప్పగించారు.

"వాయించినన్నాళ్ళూ నీకాడే ఉంచుకో బాబూ. మానేసిన్నాడు మాత్రం తెచ్చి గుడి ఎనకాల గదిలో ఎట్టీ."

ఆ గది సంగతి నాకు తెలుసు. దొరసానిగారు వాయించిన, కాలితో తొక్కే హార్మోనియం ఆ గదిలోనే ఉండేది. చెదలు దాన్ని లోపల్నించి తినేసి, పైన వార్నిషు మాత్రం మర్యాదకి మిగిల్చాయి. ఒకసారి వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

మా నాన్న జూట్ మిల్లులో నేతపని చేసేవాడు. నా పేరు కూడా మిల్లులో రానివాళ్ళకి బదులుగా వెళ్ళే బదిలీ పనివాళ్ళ చిట్టాలో రాయించాలని ఆయన పట్టుదల. అయినా నన్ను తీసుకెళ్ళే రోజుని ఏదో వంక పెట్టి వెనక్కి నెడుతూ వచ్చాడు, అది నా మీద ప్రేమే. ఒక ఆదివారం వాకిట్లో గోనెపట్టా పరిచి, దాని మీద పెద్ద ఫిడేలుని పడుకోబెట్టి, మనిషికి కొలత తీసినట్టే భుజాలూ నడుమూ కొలిచి, దబ్బనంతో తొడుగు కుట్టి ఇచ్చాడు. "ఈ పెళ్ళిళ్ళ సీజను సూస్తానురా. అప్పటికీ నీకు కుదురు నేకపోతే మిల్లే మరి" అన్నాడు, పురికొస పంటితో తెంపుతూ.

నేను చేరింది ఒక పాటల పార్టీలో. పెళ్ళిళ్ళకీ పండగలకీ సినిమా పాటలు పాడే పార్టీ. హార్మోనియం వాయించే మేస్టారు దానికి యజమాని. పాడడానికి ఒకాయన, తబలాకి ఒకాయన, ఎకార్డియన్‌కి ఒకాయన, చివర్లో నేనూ. మేస్టారు ముక్కుపొడి మనిషి. ఆయన నోరు ఎంత మోటో ఆయన చెయ్యి అంత మెత్తన. హార్మోనియం మెట్ల మీద గమకం పలకదు అని చెప్పే పండితులు ఆయన వాయించిన రోజున ఎక్కడికెళ్ళారో నాకు తెలియదు. పలికేది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి ఆయన వేళ్ళు జారుతుంటే పక్కన నిలబడి నా తీగ మీటడం మరిచిపోయిన సందర్భాలున్నాయి.

మరిచిపోయినా ఎవరికీ తెలిసేది కాదు, అదే నా ఖర్మ. అప్పటి మైకు సెట్టంటే ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, రెండు మైకులు, కొబ్బరిచెట్లకి కట్టే రెండు బూరాలు. ఒక మైకు పాడే ఆయనకి, రెండోది మేస్టారి హార్మోనియానికి. తబలా, ఎకార్డియన్ వాటంతట అవే గోల చేసుకుంటాయి. నా వాయిద్యానికి మైకు లేదు. మందిలో దాన్ని కళ్ళప్పగించి చూసేవాళ్ళే గానీ విన్నవాళ్ళు లేరు. పిల్లలు వచ్చి దాని పొట్ట మీద కొట్టి, లోపల ఏమైనా ఉందా అని అడిగి పోయేవాళ్ళు. నేను మాత్రం వేళ్ళు పొక్కులెక్కేదాకా మీటుతూనే ఉండేవాణ్ణి.

ఒకరోజు భోగాపురంలో కచేరీ అయ్యాక, అందరూ సామాను సర్దుకుంటుంటే మేస్టారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఒరే, నాకొక అనుమానం. నువ్వు దాన్ని వాయిస్తన్నావా, ఒగ్గేస్తే పడిపోతాదని పట్టుకుని నిల్సున్నావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నువ్వూ అదీ కలిసి ముగ్గురి సోటు. బాంగోలు కొట్టేవోడొకడు అడుగుతన్నాడు. వైశాఖం ఆఖరి పెళ్ళి శృంగవరపుకోటలో ఉన్నాది. అప్పటికి నీది ఇనబడాల. నేదంటే ఎవులిది ఆలకి ఇచ్చేసి నీ దారి సూసుకో. నాకు కోపం నేదు, నిజం సెప్తన్నాను."

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, అందుకే అంత బాధ వేసింది. పార్టీలోంచి తీసేస్తే పెద్ద ఫిడేలు చెదల గదిలోకి, నేను మిల్లులోకి. రెండు నెలల గడువు. ఆ వేళ టాపు మీద కూర్చుని దాని మెడ చుట్టూ చెయ్యి వేసుకుని ఊరు చేరాను.

ఈ కథలో నేను మొదట దండం పెట్టాల్సింది మైకు సెట్టు ఆయనకి. నలభై అయిదేళ్ళ మనిషి, మా పార్టీ వెంటే తిరిగేవాడు. నాకు చుట్టం కాదు. కానీ నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు, ఆ పిలుపులతోనే చుట్టరికం కుదిరిపోయింది. చదివింది మూడో తరగతి. పాడైపోయిన రేడియో ఏది కనబడినా, పొద్దున్న విప్పి సాయంకాలానికి పలికించేదాకా అన్నానికి లేచేవాడు కాదు. నా సంగతి చెప్పగానే రెండు మైకుల్లో ఒకటి తెచ్చి పెద్ద ఫిడేలు పొట్ట మీద ఉండే కంతలో పెట్టి చూశాడు. బూరాలు కుయ్యోమని అరిచాయి. ఇంకొంచెం దూరంగా పెడితే తబలా వినబడింది, ఎకార్డియన్ వినబడింది, ఎవరో దగ్గింది కూడా వినబడింది, నాది తప్ప.

"దీని గొంతు మైకుకి దొరకదురా అల్లుడా" అన్నాడు. "మందిలో మెత్తటోడి మాటలాగున్నాది."

ఇలా ఉండగా గజపతినగరంలో ఒక పెళ్ళి వచ్చింది. పొద్దున్న ముహూర్తం అయిపోయింది, భోజనాల వేళ మా పాటలు. పెళ్ళికూతురి తాతగారు ఆ ఇంటికి పెద్ద. చిన్నప్పుడు విజయనగరంలో ఉండి చదువుకున్న మనిషి, ఫిడేలంటే ప్రాణం. మా వైపు ఫిడేలు వాయించడం రాని ఇళ్ళు బోలెడున్నాయి గానీ, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియని ఇల్లు లేదు. బాసిపట్టు వేసుకుని కూర్చోవాలి, దాని తలని కుడిపాదం మీద ఆనించాలి, అంతే. ఇంకో విధం ఉందంటే నమ్మరు. నేను తొడుగు విప్పి పెద్ద ఫిడేలుని నిలబెట్టగానే తాతగారు చేతికర్ర పొడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చారు.

"పెద్దోళ్ళ ముందర నిల్సుని ఫిడేలు వాయిస్తావేటి? కూకో."

"తాతగారూ, ఇది నిలబడే వాయించాలండీ."

"ఎవులు సెప్పినారు?"

"మాకు నేర్పిన దొరగారండీ."

"ఆ దొరకి కూకోడం సేతకాదు. కుర్చీలో పుట్టినోడు. ఇజీనారంలో ఫిడేలు ఎవులైనా నిల్సుని వాయించగా సూసినావా? పడుకోబెట్టు. మర్యాదగా కూకుని వాయించు."

మేస్టారి వైపు చూశాను. ఆయన ముక్కుపొడి పీలుస్తూ, కూర్చోమని కళ్ళతోనే చెప్పారు. పెళ్ళివారింటి పెద్ద మాటంటే మాటే. వేదికంటే నాలుగు మద్దిచెక్క బల్లలు కలిపి వేసిందే. దాని మీది జంపఖానా ఒక పక్కకి లాగి, పెద్ద ఫిడేలుని వెల్లకిలా పడుకోబెట్టాను. బాసిపట్టు వేశాను. దాని తల నా కుడిపాదం మీద, దాని పొట్ట వెళ్ళి తబలా ఆయన మోకాళ్ళకి తగులుతూ. చేతులు చాచి, పనసకాయ కోసేవాడిలాగా వంగి, మీటడం మొదలుపెట్టాను. తబలా ఆయన నవ్వు ఆపుకోలేక తాళం రెండుసార్లు తప్పాడు. నాకు మాత్రం చచ్చేంత సిగ్గేసింది.

అదే వేదిక చివర మావ సెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. మేము ఎక్కేముందు రికార్డులు వేశాడు. మమ్మల్ని చూసి రికార్డు తిరగడం ఆపాడు గానీ, నన్ను చూసి నవ్వుకునే హడావుడిలో ముల్లు పైకి ఎత్తలేదు, చప్పుడు పెంచే మీట కూడా తగ్గించలేదు. నేను లావు తీగ మీటాను. కొబ్బరిచెట్టు మీది బూరాలోంచి డుం అని వచ్చింది.

ఎవరో బల్లని తన్నారనుకున్నాడు మావ. నేను మళ్ళీ మీటాను. మళ్ళీ డుం. నోట్లో కిళ్ళీ నమలడం ఆపేశాడు. రికార్డు మీంచి ముల్లు ఎత్తాడు, చప్పుడు పోయింది. ముల్లు దించాడు, చప్పుడు వచ్చింది. అరచెయ్యి బల్ల మీద ఆనించి, నా వేలి వైపు చూస్తూ అలా ఉండిపోయాడు. పాట అయ్యేసరికి మోకాళ్ళ మీద పాక్కుంటూ నా దగ్గరికి వచ్చేశాడు.

"ఒరే అల్లుడా, నీ గొంతు గాల్లో నేదురా! సెక్కలో ఉన్నాది! ఇన్నాళ్ళూ గాల్లో ఎతికినాం!"

అంత సంతోషం నేను పెళ్ళికొడుకుల మొహాల్లో కూడా చూడలేదు. తాతగారు కూడా ముందు వరసలో కుర్చీలోంచి చెయ్యెత్తారు. "సూసినావా? కూకుంటే పలికినాది!" ఆయన ఆ నమ్మకంతోనే ఉండిపోయారు. నేను కాదనలేదు, ఇప్పుడూ అనను. ఆయన నన్ను కూర్చోబెట్టి ఉండకపోతే పెద్ద ఫిడేలు వీపు బల్లని తాకేది కాదు, మావ చెయ్యి బల్ల మీదికి వెళ్ళేది కాదు.

మర్నాటి నుంచి విజయనగరంలో మావ ఇంటి వాకిలే మా కార్ఖానా. పాత రికార్డు ప్లేయరు చెయ్యి విరిచి, ముల్లు ఉండే గింజంత పికప్పుని బయటికి తీశాడు. తీగల కింద నిలబడే చెక్కముక్కని మేం గుర్రం అంటాం. ఆ గుర్రం పాదానికి పికప్పుని ఆనించి, సైకిలు ట్యూబు ముక్కతో కట్టాడు. ఆ పనిలోనే నా సన్నతీగ తెగింది. అలాంటి నరం తీగ ఎక్కడ దొరుకుతుందో దొరగారు నాకు చెప్పి వెళ్ళలేదు. మావ నన్ను వీధి చివర దూది ఏకే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. దూది ఏకే విల్లుకి కట్టేది కూడా నరమే. ఆయన తన దగ్గరున్న కొత్త చుట్టలోంచి రెండు బారలు కోసి ఇచ్చి, ఎక్కించాక మోగించి వినిపించి పొమ్మన్నాడు, ఇంకేమీ అడగలేదు. ఆ తీగ నాలుగేళ్ళు నిలిచింది.

పికప్పు కుదిరింది గానీ బూరా కుదరలేదు. బూరాలో సన్నగొంతులే బతుకుతాయి. నా లావు స్వరాలన్నీ డబ్బాలో గులకరాళ్ళలా వినబడ్డాయి. మావ ఎక్కడెక్కడో తిరిగి, మూతపడ్డ ఒక డేరా సినిమా నుంచి పళ్ళెమంత కాగితపు స్పీకరు తెచ్చాడు. అది ఒంటరిగా గాల్లో పెడితే గుసగుసలాడింది. దానికి ఒక గది కావాలి అన్నాడు. నీళ్ళ కుండ మూతికి పెడితే కుండలో కప్ప అరిచినట్టుంది. గంపలో పెడితే అసలు లేదు. రెండు రోజులు ఇల్లంతా కళ్ళతో గాలించి, మూడోరోజు ఆయన చూపు వంటింట్లో బియ్యప్పెట్టె మీద ఆగింది. మావిడిచెక్క పెట్టె, మోకాలెత్తు, మందమైన పలకలు. అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

అత్తంటే ఆయన భార్యే. ఆమె మాట ఆ ఇంట్లో దాటిన వాళ్ళు లేరు.

"మీకు మతిపోనాదేటి? నా పెట్టికి బెజ్జం ఎడతారా? బియ్యం ఎందులో పొయ్యాల, మీ నెత్తిమీదా?"

మావ స్పీకరు మీది దుమ్ము తుడవసాగాడు. నేనూ తల వంచుకుని గోనె తొడుగు మడతపెడుతున్నాను. ఆమె నా మొహం వైపు చూసింది.

"ఏటి గుంటడా, ఇది మోగపోతే నిన్ను తీసేస్తారా?"

"తీసేస్తారత్తా."

"తీసేస్తే?"

"మిల్లుకి పోవాలి. ఇదేమో చెదల గదిలోకి."

ఆమె లోపలికెళ్ళి, చాపమీద బట్ట పరిచి, కుంచంతో బియ్యం తోడి కుప్పపోసింది. ఖాళీ పెట్టెని కొంగుతో తుడిచి, ఆవిడే వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. "నున్నగా కోయండి. పేడు లేసినాదంటే మీ పని సెప్తాను" అంది. ఆమె అప్పుడు ఇచ్చింది పెట్టె ఒక్కటే కాదు. ఆ తర్వాత సీజనంతా వాళ్ళింట్లో బియ్యం రాగిబిందెలో, పొంతకుండలో, అత్తెసరు గిన్నెలో చెల్లాచెదురుగా ఉండేవి. అన్నంలో అప్పుడప్పుడు పురుగు వచ్చేది. మావ పక్కకి తీసి కిక్కురుమనకుండా తినేవాడు.

పెట్టె పక్కకి బెజ్జం కోసి స్పీకరు బిగించి, మూత మూసి, మూల పడున్న పాత ఆంప్లిఫయరు ఒకటి బాగుచేసి దానికి తగిలించాడు. నేను వాకిట్లో నిలబడి లావు తీగ మీటాను. గోడమీది క్యాలెండరు కదిలింది. వంటింట్లో గరిటెలు గలగలమన్నాయి. ఎనిమిది నెలలుగా పార్టీలో నేను వాయిస్తున్నది నాకే మొదటిసారి పూర్తిగా వినబడింది. అది ఇంత గుండ్రంగా, ఇంత దయగా ఉంటుందని నాకు తెలియదు. నేను ఏడ్చాను, దాచడం దేనికి. అత్త వచ్చి తన పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి, "ఓలమ్మ, బతికున్నట్టున్నాది" అంది.

శృంగవరపుకోట పెళ్ళికి అత్త కూడా వచ్చింది. పాటల కోసం కాదు, పెట్టె కోసం. బస్సు టాపు మీద దాన్ని ఎవరు ఎక్కించారో, ఎవరు దించారో దగ్గరుండి చూసుకుంది. మధ్యాహ్నం భోజనాలకి పందిట్లో మా వేదిక. కుయ్యోమనకుండా ఉండాలని పెట్టెని నాకు దూరంగా, పందిరి చివర, మొహం అటు తిప్పి పెట్టాడు మావ. అత్త ఒక ముక్కాలిపీట వేసుకుని, పెట్టెకి వీపు ఆనించి కూర్చుంది. మేస్టారు ఆ బియ్యప్పెట్టెని ఎగాదిగా చూశారు. "నాకు పాటల పార్టీ ఉన్నాదనుకున్నాను. కిరాణా కొట్టున్నాదని తెల్దు" అన్నారు. నేను తీగలు మరోసారి బిగించుకున్నాను. గడువు ఆ రోజే.

మొదటి రెండు పాటలు బాగా జరిగాయి. అంటే, ఎవరూ ఏమీ అనలేదు. భోజనాలు చేసేవాళ్ళు తలలు ఊపుతూ తింటున్నారు. పాడే ఆయన గొంతు ఎప్పటికంటే నిదానంగా, హాయిగా సాగింది. మేస్టారు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్న నాకు అది పెద్ద దెబ్బగా తగిలింది. ఇంత చేసినా ఈయనకి వినబడలేదు అనుకున్నాను.

మూడో పాటకి ఎండ తిరిగింది. పందిరి కొబ్బరాకుల సందులోంచి అరచేయంత ఎండ సూటిగా గుర్రం మీద పడింది. వైశాఖమాసపు ఎండ. పికప్పులో ఉండేది ఉప్పురాయిలాంటి గాజుపలుకు, దానికి వేడి పడదు. ఆ సంగతి మావకి తెలుసు గానీ, పందిరికి కన్నం ఉందని ఎవరికి తెలుసు? పాట మధ్యలో పికప్పు చచ్చిపోయింది. నాకు తెలియలేదు. వాయిద్యం నా భుజానికే ఆనుకుని ఉంటుంది, దాని మోత నా ఎముకలకి తెలుస్తూనే ఉంది. నేను మీటుతూనే ఉన్నాను.

కానీ పాటకి ఏదో అయింది. తబలా పరుగెత్తసాగింది. పాడే ఆయన దాన్ని అందుకోబోయి ఊపిరి తప్పాడు. తలలు ఊపుతున్నవాళ్ళు ఆపి, మజ్జిగ ఇటు తెమ్మని కేకలు వేయడం మొదలెట్టారు. ఎకార్డియన్ ఆయన మా అందరి మొహాలూ చూశాడు. ఎలాగో పాటని ఒడ్డుకి చేర్చారు. మేస్టారు మెట్ల మీంచి చేతులు తీసి, హార్మోనియం తిత్తి రెండుసార్లు ఊది చూసుకున్నారు. మూత ఎత్తి లోపలికి తొంగి చూశారు.

"నా పెట్టికేటైనాదిరా? ఏదో నేదు" అన్నారు, ఎవరినీ కాదు, తనలో తనే.

మా వైపు హార్మోనియాన్ని కూడా పెట్టె అనే అంటారు. పందిరి చివర్నించి అత్త లేచి నిలబడి, అన్నం తింటున్న రెండు వరసల మనుషుల మీదుగా గట్టిగా అరిచింది.

"నీ పెట్టికేటీ అవనేదు మేస్టారూ! నా పెట్టి ఊరకున్నాది! పాట మద్దెలో ఆగిపోనాది!"

పందిట్లో జనం గొల్లుమన్నారు. మేస్టారు నవ్వలేదు. తిరిగి నన్ను చూశారు. నన్ను, గుర్రాన్ని, దాని మీద పడ్డ ఎండని. ఆయన చెవి ఎలాంటిదో నాకు తెలుసు. ఆ మొహంలో మొదటి రెండు పాటలూ ఒకసారి తిరిగి వినబడ్డాయి. ఆ రెండు పాటల్లోనూ, గమనించకుండానే, నా మోత మీద తను హాయిగా కూర్చుని వాయించారని ఆయనకి అప్పుడు అర్థమైంది. మావ పరుగున వచ్చి పికప్పు విప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు. రికార్డు ప్లేయరు ఇంట్లోనే ఉండిపోయింది, వేరే పికప్పు లేదు.

నేను పెద్ద ఫిడేలుని పడుకోబెట్టబోయాను. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను.

"నిలబెట్టు" అన్నారు మేస్టారు.

తన హార్మోనియం ముందున్న మైకుని స్టాండుతో సహా ఎత్తి, మోసుకొచ్చి, నా వాయిద్యం పొట్ట దగ్గర పెట్టారు. పై పంచె తీసి మడిచి, తబలా చప్పుడు రాకుండా మైకుకి ఒక పక్క కప్పారు. "దీన్ని ఆ బియ్యప్పెట్టికి తగిలించు" అని మావకి చెప్పారు. మావ నోరు తెరిచి, "మరి మీకో?" అన్నాడు.

"నాకేల? ఇల్లు పడిపోతంటే నేను గోడకి సున్నం ఎయ్యాలేటి?"

ఎకార్డియన్‌నీ తబలానీ సగం గొంతులో వాయించమన్నారు. మావ మీట దగ్గర వేలు పెట్టి, కూత మొదలవబోయే ముందు తగ్గిస్తూ, మళ్ళీ పెంచుతూ, ఆ గంటసేపూ రెప్ప వేయలేదు. పందిరి చివర అత్త మళ్ళీ పెట్టెకి వీపు ఆనించి, బాగుందన్నట్టు నాకు చెయ్యి ఊపింది. పాట కాళ్ళూనుకుంది. జనం మజ్జిగ సంగతి మరిచిపోయారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ పార్టీలో వాయించాను. మిల్లు చిట్టాలో నా పేరు ఎక్కలేదు. చేసిన మేలు చెప్పుకోవలసినవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఇది రాయడానికి కూర్చున్నాకే నాకు తెలిసింది. అందరికంటే ఎక్కువ రుణపడింది ఎవరికి అంటే మాత్రం, ఆ గంటసేపు నేను మేస్టారి పక్కన నిలబడి చూసిందే చెబుతాను. మైకు లేని హార్మోనియం ఆ పెళ్ళి గోలలో వేదిక దాటి వినబడదు. అది ఆయనకి తెలుసు. ఊరికే తిత్తి ఊదుతూ కూర్చున్నా అడిగేవాడు లేడు. కానీ ఆయన ఒక్క గమకం కూడా తగ్గించలేదు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి ఆ వేళ్ళు ఎప్పటిలాగే మెత్తగా జారుతూ, ప్రతి పాటా చివరిదాకా నిండుగా వాయించాయి. పందిట్లో వందల మంది ఉన్నారు. ఆయన్ని విన్నది నేనొక్కణ్ణే.